లేడీస్ సీటు, మూడో వరుస

జూలై 20, ఆదివారం

ఈసారి రాఖీకి ప్లేన్‌లో పోతున్నాం. నేనే నిర్ణయించాను.

మా బావమరిది దశరథం భివండిలో కిరాణం నడుపుతాడు. మా ఆమె రత్నమాల తమ్ముడు. మూడేళ్లుగా ఆమె రాఖీ పోస్టులో పంపుతోంది. పోస్టు రాఖీ వాడు కట్టుకోడట, అల్మారాలో పెడతాడట. చలికాలంలో ఆమె రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది. సిరిసిల్ల నుంచి భివండి బస్సంటే సాయంత్రం ఎక్కితే మర్నాడు పగలు దిగాలి. అంతసేపు కాళ్లు ముడుచుకొని కూర్చోలేదు. ప్లేన్‌లో గంటన్నర.

జూలై 21, సోమవారం

మా గల్లీలో తిరుపతి అనే పిలగాడు నడిపే నెట్ సెంటర్‌కు పోయాను. అడ్వర్టైజ్‌మెంటులో 1,999. స్క్రీన్ మీద 3,412. ట్యాక్సు, ఎయిర్‌పోర్ట్ ఫీజు, కన్వీనియెన్స్ ఫీజు. కన్వీనియెన్స్ అంటే ఏందిరా అన్నాను. సౌలతు పైసలు కాకా అన్నాడు. ఆ షాపులో ఒక్కటే స్టూలు. దాని మీద వాడున్నాడు. నేను గంట నుంచి నిలబడి ఉన్నాను. సౌలతు నాకైతే కనపడలేదు.

తర్వాత సీట్లట. టికెట్టు కొన్నాక మళ్లీ సీటు కొనాలట. ముందు వరుసలు ఎనిమిది వందలు, నడుమ నాలుగు వందలు, వాళ్లు పడేసిన దగ్గర కూర్చుంటే ఫ్రీ. ఆమెకు ముందు చెయ్, నాకు ఫ్రీది చెయ్ అన్నాను. ఇద్దరికి పక్కపక్కన వద్దా కాకా అని అడిగాడు. ఆడోళ్ల సీట్లల్ల నేనెట్ల కూసుంటరా, తిట్లు తినిపిస్తవా అన్నాను. అరవై ఎనిమిదేళ్లలో ఎక్కిన ప్రతి బస్సులో లేడీస్ ముందు, జెంట్స్ వెనక. వాడు ఏదో అనబోయాడు. ఇంతలో ఎవరో ఆధార్ జిరాక్స్‌కు వచ్చారు. బటన్ నొక్కేశాడు.

ఆమెకు 3F, కిటికీ. నాకు 27B. మంచిగా కుదిర్చాను.

అదే రోజు, సాయంత్రం 7

మంచిగా కుదరలేదు.

పక్కన నువ్వుండాలె, ఇమానం పైకి లేశేటప్పుడు చెయ్యి పట్టుకోవాలె, లేకుంటే నా రాఖీ పోస్టులనే పోతది అంది. లేడీస్ సీట్ల సంగతి చెప్పాను. ఆమె కోరుట్లలో ఉన్న బిడ్డ అనూరాధకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. ఇమానంల లేడీస్ సీట్లెక్కడియి బాపూ అని అనూరాధ నవ్వింది. చాలాసేపు నవ్వింది. వెనక అల్లుడు కూడా నవ్వాడు.

జూలై 22, మంగళవారం

ఆమె పక్క సీటు ఎవరో కొనేశారు. వేరే వరుసకు మారాలంటే ఇద్దరికీ కొత్తగా ఎనిమిదేసి వందలు. మరి కట్టినవి? అవి పోయినట్టే కాకా అన్నాడు తిరుపతి. వద్దన్నాను.

బస్సులో సీటు మారాలంటే ఒక్క మాట. ప్లేన్‌లోనూ మనుషులే ఉంటారు. ఆమె పక్కాయనను నేనే అడుగుతా అని మాటిచ్చాను.

నువ్వా అంది. కిరాణంల ఉప్పు ప్యాకెట్ అడుగుమంటే బయట నిలవడి నన్ను లోపలికి తోలేటోనివి, నువ్వు అడుగుతవా అంది.

నిజమే. ముప్పై ఎనిమిదేళ్లు సాంచాల షెడ్డులో పనిచేశాను. ఆమె అక్కడే నూలు కండెలు చుట్టేది. అన్ని మరమగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే మాట ఎవరికి వినపడుతుంది? అంతా చేతులతోనే. రెండు వేళ్లు తిప్పితే దారం తెగింది, రా అని. బొటనవేలి మీద చూపుడువేలు నొక్కితే తెగిన దారానికి ముడి పడింది, నడిపించు అని. మా సంసారం సగం అట్లనే నడిచింది. నోరు అలవాటు కాలేదు.

అయినా అడుగుతా.

జూలై 30

భాయ్‌సాబ్, మేరీ ఔరత్ డర్తీ హై, సీట్ బదల్ దో. మా ఆమె భయపడుతోంది, సీటు మార్చుకో అని హిందీలో అద్దం ముందు పదకొండుసార్లు అన్నాను. పదకొండోసారి ఆమె తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎవలు భయపడ్తున్నరు, నేనా నువ్వా అంది.

ఆగస్టు 7

సంచి లేపి చూశాను. పదిహేడు కిలోలు. కాదు పన్నెండే అంటోంది.

ఆగస్టు 8, శుక్రవారం, ఉదయం 11

హైదరాబాద్ బస్సులో ఆమె ముందు, నేను వెనక. దిగాక ఆమె ఒకటే మాట. బస్సుల ఆడోళ్లకు ఫ్రీ అని నాకు జీరో టికెట్, ఇమానంల నీకు జీరో సీటు, లెక్క సరిపాయె.

కౌంటర్‌లో సంచి 17.1 చూపింది. ఆమె నా వైపు చూడలేదు. పదిహేను దాటితే కిలోకు ఆరు వందలు. నేను సంచి విప్పి చింతపండు చేత్తో తూచి తీసి భుజం సంచిలో వేసుకున్నాను. మళ్లీ పెడితే సరిగ్గా 15. కౌంటర్ పిల్ల కళ్లు పెద్దవి చేసింది. నూలు తూచిన చెయ్యి.

బోర్డింగ్ కార్డు ఇంట్లో తీసుకోలేదని మనిషికి రెండు వందలు. కాగితం జానెడు. కట్టాను. చాయ రెండు వందల పది. తాగలేదు.

మధ్యాహ్నం 2, పైన

మబ్బులు కింద ఉన్నాయి. రాత వంకర పోతోంది. నా కుడి చెయ్యి ఆమె దగ్గర ఉంది, ఎడమ చేత్తో రాస్తున్నాను.

ఎక్కగానే ఆమెను మూడో వరుసలో కూర్చోబెట్టాను. పక్కన కోటు వేసుకున్నాయన. భాయ్‌సాబ్ అన్నాను. ఆయన చెవిలోది తీసి క్యా అన్నాడు. మిగతా మాట రాలేదు. పదకొండుసార్లు అన్న మాట. వెనక జనం తోస్తున్నారు. తోసుకుంటూ తోసుకుంటూ ఇరవై ఏడు దాకా వచ్చి పడ్డాను. ఆమె నన్నే చూస్తోంది. చూడకుండా కూర్చున్నాను.

నా పక్క 27Cలో ఒక బక్కపలచని పొడుగు మనిషి. మోకాళ్లు ముందు సీటుకు గుచ్చుకుంటున్నాయి. కాళ్లు పెట్టే జాగాకు కూడా పైసలు అడుగుతున్నారని ఫోన్‌లో ఎవరితోనో తిట్టుకుంటున్నాడు. అప్పుడు తెలిసింది నా తప్పు. ముందున్నవాణ్ణి వెనక్కి రమ్మంటే ఎవడొస్తాడు? బస్సులోనే రాడు. వెనకున్నవాణ్ణి ముందుకు పొమ్మనాలి.

ఆగే సీట్ హై, తీన్ నంబర్, ఖిడ్కీ, ఆఠ్ సౌ వాలా, ఆప్ జావో అన్నాను. ముందు మూడో నంబరు కిటికీ సీటుంది, ఎనిమిది వందలది, మీరు పోండి అని. ఒక్క ఊపిరిలో వచ్చింది. ఆయన అనుమానంగా చూశాడు. బదులుగా నీకేం కావాలి అని హిందీలో అడిగాడు. మేరీ ఔరత్ అన్నాను. ఆయన పకపకా నవ్వి నా భుజం చరిచి లేచాడు.

కానీ ఆమెకు ఎట్లా చెప్పాలి? నడుమ ఇరవై మూడు వరుసలు. కూర్చోండి కూర్చోండి అని ఎయిర్ హోస్టెస్. అరవడం నాకు చేతకాదు. అప్పుడే ఆమె సీటు మీది నుంచి తల తిప్పి వెతికింది. నేను నిలబడ్డాను. చెయ్యి పైకెత్తి రెండు వేళ్లు తిప్పాను.

ఆమె లేచింది. కోటాయన కూడా లేవాల్సి వచ్చింది. కొత్త మోకాళ్లతో ఒక్కో సీటు పట్టుకుంటూ వచ్చింది. వెనక మేడమ్ మేడమ్ అంటూ ఎయిర్ హోస్టెస్. నడుమ దారిలో పొడుగాయన ఎదురైతే కడుపు లోపలికి పీల్చి సందు ఇచ్చాడు. వచ్చి కూర్చుంది. ఆయాసం తగ్గాక, ఏడ తెగింది అంది.

ఆమెకు బెల్టు పెట్టాను. ప్లేన్ పైకి లేచేటప్పుడు చెయ్యి పట్టుకుంది. గోర్లు దిగాయి. ఇంకా వదల్లేదు. ఎనిమిది వందల సీటు ఎవనికో దానం జేసినవ్ అని ఇప్పుడే మళ్లీ అంటోంది. అననీ.

ఆగస్టు 9, భివండి

రాఖీ కట్టింది. ప్లేన్ ఎట్లున్నదక్కా అని దశరథం అడిగాడు. ఆమె నా వైపు చూసి బొటనవేలి మీద చూపుడువేలు నొక్కింది.

దశరథానికి అర్థం కాలేదు. కిరాణం మనిషి.