కన్నడంలో పిలిస్తేనే వచ్చే కుక్క

ఎమ్మిగనూరు, ఆదివారం రాత్రి

పొద్దున నేనూ ఈరన్న మామా కుక్కలను ఆటోలో ఎక్కించుకోని అడివిపందుల వేటకని కర్ణాటకలోకి పోయినాం. సిరుగుప్ప అవతల గుట్టకాడ కుక్కలన్నీ ఒక్కసారే మొరిగినాయి. పంది దొరికిందనుకోని ఉరికినాం. సూస్తే బండ మీద చిరుత!

మామ కుక్కలు తోక ముడిచి ఎనక్కి వచ్చినాయి. నా కుక్క కరియ ఒక్కటే చిరుత మీదికి పోతాంది. "రా కరియా, రా!" అని గొంతు సిరిగేలా అరిసినా. అది తిరిగి సూడలేదు. పోయిన నెల కర్ణాటకలో కొన్న కుక్క అది. కన్నడంలో "బా" అంటేనే వస్తాది, అదీ నా గొంతుకే. రోజూ అన్నం పెట్టేటప్పుడు నేను పిలిసే మాటే. ఆ భయంలో అదొక్కటే నోటికి రాలేదు.

"బా అనప్పా! బా అను!" అని మామ అరిసేలోపల చిరుత దాని గొంతు పట్టి బండల ఎనక్కి ఈడ్చుకోని పోయింది.

ఇంటికొచ్చినాక అమ్మకు సెప్పలేకపోయినా. ఆమె ఎప్పటిమాదిరే అన్నం కలిపి గిన్నె వాకిట్లో పెట్టి, "యాడుంది నీ కుక్క? పిలువప్పా" అనింది.

నా నోట్లోంచి ఎంటనే "బా" అని వచ్చింది.