జీపుకు ఎదురు రాని అక్క

తమ్మీ రాకేశ్,

నేను మొదటి బస్సుకు ఆదిలాబాద్ పోతున్న. మీ లడఖ్ ప్రయాణానికి సామాన్లన్నీ జీపుల సర్దిన. పైన టెంటుకు కొత్త తాడు కట్టిన, పాతది తెగేటట్టున్నది. నీళ్ల డబ్బా పక్కన డీజిల్ డబ్బా పెట్టకుండ్రి, నీళ్లు వాసనొస్తయి. మక్కగారెలు ముందుగాల తినుండ్రి, ఊకె ఉంచితే ఖరాబైతయి. నువ్వు పెద్ద టైర్లు ఏపిచ్చినంక స్టీరింగు బరువైంది, ఘాట్ల జర పైలం. టైర్ల కింద పెట్టే నిమ్మకాయలు దేవుని అర్రల ఉన్నయి.

నిన్న నీ దోస్తుతోని ఫోన్ల అన్నది నేను విన్న. "మొగడు పోయిన మనిషి, అక్క ఎదురొస్తే మంచిగుండదు. ఆమె లేవకముందే ఎల్లిపోదాం" అన్నవు. ఫికర్ చెయ్యకు, నేనే ముందు ఎల్లిపోయిన.

గీ జీపు మీ బావది. ఆయన ఉట్నూర్ నుంచి ఆసిఫాబాద్‌కు మందిని ఎక్కించుకొని నడిపినన్ని ఏండ్లు, రోజూ పొద్దుగాల ఎదురొచ్చింది నేనే. ఒక్కనాడు బోల్తా పడలే. ఆయన పోయింది జ్వరంతోని, జీపుల కాదు. నువ్వు ఎనక సీట్లు పీకి మంచం చేపిచ్చినప్పుడు గూడ నేనేమనలే.

వాకిట్ల ఎవ్వరుండరు. ధైర్యంగ బయలెల్లు.

నర్మదక్క

జీపుల అద్దం కాడ మీ బావ ఫోటోకు కొత్త దండ ఏసిన. నువ్వే పెట్టుకున్నవు గద, తొవ్వల కాపాడుతడని. పోయిన మనిషి బండిల ముందు కూసుంటే నీకు శుభమే. బతికున్న నేను ఎదురొస్తేనే కీడు.