అల్లుడుగారి కాలిగోరు

మంగళవారం, మధ్యాహ్నం

అక్కకు చెల్లెలు నమస్కరించి రాసేది. నువ్వూ పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేనూ కులాసానే అని రాద్దామనుకున్నాను కానీ, నా అబద్ధాలు నీ దగ్గర ఎప్పుడూ చెల్లలేదు. ఎడమ చెయ్యి కట్టులో ఉంది. రాసే చెయ్యి బాగానే ఉంది, కంగారుపడకు.

బావ పోయాడు. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది నిమ్మళంగా చదువుతావని ఇలా రాస్తున్నాను.

జూలో నేను చూసుకునే కాసోవరి పక్షి గురించి నీకెప్పుడూ వివరంగా చెప్పలేదు. దాదాపు నా అంత ఎత్తుంటుంది. ఎగరలేదు. ఈకలు ఈకల్లా ఉండవు, తడిసిన నల్లటి జుట్టులా వేలాడతాయి. మెడ నీలం, దాని కింద రెండు ఎర్రటి తోలు తిత్తులు, నెత్తిన కొమ్ములాంటి టోపీ. దాని సొంత ఊరు వానలు విడవని దట్టమైన అడవి. అక్కడ రాలిన పళ్లు మింగుతూ తిరుగుతుందట. మేం దాన్ని అల్లుడుగారు అంటాం. పళ్లు వేళకి రావాలి, గొంతుకు పట్టేలా ఉండాలి, ఎంత చేసినా చిటపటలే. ఒక్క విషయంలో మాత్రం మనింటి అల్లుడితో దీనికి పోలిక లేదు. ఆడది గుడ్లు పెట్టి తన దారిన తాను పోతే, పొదిగేదీ పిల్లల్ని పెంచేదీ మగదే. మొన్నటిదాకా నెలకు పైగా, సరిగ్గా తిండి కూడా తినకుండా గుడ్ల మీదే కూర్చుంది.

ఆ రోజుల్లో దాని కాళ్లకు భయపడాలి. లోపలి వేలికి బాకులాంటి గోరుంటుంది. ఎగిరి తన్నిందంటే కండ చీలిపోతుంది. అందుకే మా పనిలో మొదటి రోజు నేర్పేది ఒక్కటే. వెన్ను చూపకూడదు, పరిగెత్తకూడదు. పొడుగు చీపురు ఎదురుగా నిలువుగా పట్టుకుని, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ తలుపు దాకా రావాలి.

ఆదివారం బావ వచ్చాడు. జనం వెళ్లిపోయాక నేను పళ్ల గంప దించుతుంటే, వెనక గేటు లోంచి వచ్చి జుట్టు పట్టుకున్నాడు. నువ్వెక్కడున్నావో చెప్పమన్నాడు. చెప్పనన్నాను. తల గోడకేసి కొట్టాడు. మళ్లీ అడిగాడు. చెయ్యి వెనక్కి మెలిపెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. అప్పుడూ చెప్పలేదు.

"నువ్వు చెప్పకపోతే ఏం, పాప బడి కనుక్కోవడం ఎంత పని. ఇద్దర్నీ ఒకే గోతిలో పెడతా," అన్నాడు.

అది కోపంలో అన్న మాట కాదక్కా. రేపు చెయ్యాల్సిన పని చెప్పినట్టు చెప్పాడు.

విదిలించుకుని పక్షి ఉండే ఆవరణలోకి దూరాను. చేతికందిన తలుపు అదొక్కటే. ఆయన నా వెనకే వచ్చాడు. అల్లుడుగారు గుడ్ల మీంచి లేచారు. గొంతులోంచి ఒక గుర్రు వచ్చింది, చెవి కంటే ముందు గుండెకు తగిలే గుర్రు. నేను గోడకున్న చీపురు అందుకుని నిలబడ్డాను. బావ కూడా కొయ్యబారిపోయాడు. అలాగే ఉండిపోతే బతికేవాడేమో. తర్వాత వెనక్కి తిరిగి పరిగెత్తాడు.

నాలుగంగల్లో అందుకుంది. మొదటి తన్ను వీపు మీద. బోర్లా పడ్డాడు. రెండోది తొడ మీద. గోరు లోపలికంటా దిగింది. రక్తం నా చీపురు దాకా చిమ్మింది. లేవబోయిన ప్రతిసారీ తన్నింది. ఆయన కదలడం మానేశాక, ఒళ్లు దులుపుకుని వెళ్లి గుడ్ల మీద కూర్చుంది.

మేనేజరు దాన్ని కాల్చేయాల్సిందేనన్నాడు. జంతువుల డాక్టరమ్మ ఒప్పుకోలేదు. గుడ్లు పొదిగే తండ్రి దగ్గరకు పరాయి మనిషి దూరి, పైగా పరుగు పెడితే అదేం చేస్తుందని పోట్లాడింది. ఆఖరికి దాని జోలికి పోలేదు. నిన్న పొద్దున రెండు పిల్లలు బయటికొచ్చాయి, ఒళ్లంతా చారలు. ఆ గోళ్ల పక్కనే బెదురు లేకుండా తిరుగుతున్నాయి.

ఏడుపొస్తే ఏడు. రాకపోతే రాలేదని సిగ్గుపడకు. పాపను తీసుకుని ఇంటికి వచ్చెయ్. వాకిట్లో చప్పుడైతే ఇక ఉలిక్కిపడక్కర్లేదు.

నీ చెల్లెలు

తా.క. ఆయన ఎందుకు పరిగెత్తాడని అందరూ నన్నే అడుగుతున్నారు. భయమేసి ఉంటుందన్నాను. నీకు మాత్రం నిజం చెప్తాను. బావ కదలకుండా నిలబడి నా వైపు చూశాడు. ఇప్పుడేం చెయ్యాలని అడిగాడు. ఇన్నేళ్లలో ఆయన నన్ను నెమ్మదిగా ఒక మాట అడగడం అదే మొదటిసారి. పరిగెత్తు బావా అన్నాను.