పట్నం రైలెక్కిన పాలు

నవాబుపేట
12-8-1961

అన్నకు చెల్లెలు సుగుణమ్మ దండాలు. బర్రెలను అమ్మేస్తామేమోనని నువ్వు దిగులుపడకు.

వికారాబాద్ హోటలు సేటు మా పాల ధర తగ్గించేసరికి మీ బావ వాటిని సంతకు తోలుతానన్నారు. నేను ఒప్పుకోలేదు. పాల క్యాను రైల్లో పెట్టుకుని ఇద్దరం హైదరాబాదు వెళ్లాం. అక్కడ ఎటు చూసినా కొత్త ఇళ్లే, ఒక్క వాకిట్లోనూ పశువు లేదు. నాంపల్లిలో ఒక మిఠాయి దుకాణం ఆయన మా ఎదుటే పాలు కాచి, మీగడ చూసి, "గిసొంటి పాలు ఈడ దొరుకుతలేవమ్మా. ఎన్నున్నా రోజు తీస్కరా" అన్నాడు. సేటు ఇచ్చినదానికి రెట్టింపు ఇస్తున్నాడు.

నిన్న ఆ సేటే మా కొట్టంలోకి వచ్చాడు. "జర మాకు గూడ పొయ్యమ్మా" అని అడిగాడు.

"పొద్దటి పాలు పట్నానికే. మాపటివి కావాలంటే గా పట్నం ధరకే తీస్కపో" అన్నాను. వెంటనే ఒప్పుకున్నాడు.

అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందా? తాండూరు వెళ్తే బర్రెల దాణాకు ఒక బస్తా పల్లీ చెక్క పంపు. వదినకు నమస్కారం, పిల్లలకు దీవెనలు. నువ్వు అమ్మాలనుకున్న చూడి బర్రె విషయంలో ఎవరికీ మాటివ్వకు, నేనే కొంటాను. చెల్లెలినని ఊరికే ఇవ్వొద్దు.