ఆగిన చోట అందుకున్నారు

సరోజా,

నువ్వు పోయాక ఇవే మొదటి నాట్లు. వైరా కాలువకు నీళ్లొచ్చాయి. గట్టు మీద రేడియో పెట్టానే గానీ నాకు కాలు నిలవడం లేదు. ఇంతలో పల్లెపాటల కార్యక్రమంలో నీ గొంతు వచ్చింది.

"బంద్ చెయ్యన్నా, పానం కొట్టుకుంటాంది" అంది నీకు వంత పాడే జతగత్తె లచ్చమ్మ.

"ఉండనియ్యే! దాని గొంతన్న ఇననీ" అని మీ అక్క కసిరింది.

బటన్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను.

ఆనాడు రేడియో స్టేషనుకు రావడానికి వీళ్లంతా భయపడితే నువ్వొక్కదానివే వెళ్లి పాడావు. ఆ రికార్డులో వంత కోసం నువ్వు ఆగిన చోట ఎప్పుడు విన్నా ఖాళీయే. ఈసారి వంగి నాటేస్తున్న లచ్చమ్మే ముందు అందుకుంది. తర్వాత మడంతా అందుకుంది.

రెండో చరణానికి నేనూ పాడాను. నువ్వుంటే నారు పక్కన పడేసి నవ్వేదానివి.