మీగడ మీద జామ్

వదినగారికి,

ప్రభువు కృప మీ ఇంట ఉండాలి. ఆదివారం టీ దగ్గర మా ఆయన మీ స్కోన్ బన్ను చూసి, "ఏమిటి చెల్లెమ్మా, గోడ కట్టకుండానే సున్నం కొట్టావు?" అన్నందుకు క్షమించండి. మీ డెవన్‌లో ముందు మీగడ రాసి, దాని మీద జామ్ వేస్తారని ఆయనకు తెలుసు. తెలిసే అన్నారు. కార్న్‌వాల్‌లో పుట్టిన మనిషి, ముందు జామ్ రాసి దాని మీదే మీగడ వేయాలంటారు, ఏం చేయను?

"మీ జామ్ మీరే నాకండి అన్నయ్యగారూ, పెళ్లికి నేను రాను" అని మీరు లేచి వెళ్లిపోయారు. అత్తగారు లేని పెళ్లి నాకొద్దని మా అమ్మాయి లోవెనా అప్పటినుంచి అన్నం ముట్టడం లేదు.

నేను మోకరించి ప్రార్థించాను. మీగడ ముందు రాయడం పొరపాటే గానీ పాపం కాదని పాస్టరుగారు కూడా అన్నారు. అందుకని విందులో స్కోన్లు ఉత్తవే పెట్టిస్తున్నాను. ఎవరికి కావలసినట్టు వాళ్లు రాసుకోవచ్చు.

మా ఆయన కూడా ఒప్పుకున్నారు. "కానీ ఆవిడ నా ఎదురుగా కూర్చుని తినకూడదు" అన్నారు. ఆయన మాట నేను ఎన్నడూ జవదాటలేదు వదినా. మీ కుర్చీ ఆయన పక్కనే వేయించాను. తప్పకుండా రండి.

మీ రాక కోసం ప్రార్థిస్తూ,
లోవెనా అమ్మ