గేటు లోపలి చెప్పులు

హిమాయత్‌నగర్, మొయినాబాద్ మండలం
మంగళవారం

ప్రియమైన అరుణశ్రీకి,

ఈ పొద్దున బాపు చెప్పులు గడప పక్కనే ఉండిపోయినయి. ఉత్త కాళ్లతోనే పనికి పోయిండు. వెనకనుంచి పిలిస్తే "ఉండనీ బిడ్డా" అన్నడు, తిరిగి చూడలేదు. అప్పటినుంచి చెప్పుల గురించే ఆలోచిస్తున్న. కాన్వెంట్‌ల నాతో బెంచీ పంచుకున్న నీకు తప్ప ఇది ఎవరికి రాయాలో తెలియదు.

మా పక్కింటి పద్మమ్మత్త కొడుకు సందీప్ చనిపోయిండు. అజీజ్‌నగర్‌ల ఒక ఫామ్‌హౌస్‌ల తోటపని చేసేటోడు. శనివారం అక్కడ దావత్ జరిగింది. ఆదివారం పొద్దున అతని శవం స్విమ్మింగ్ పూల్‌ల తేలింది. గట్టుమీద సగం ఖాళీ అయిన మందు సీసా, దాని పక్కన అతని చెప్పులు. తాగి, చెప్పులు విడిచి, ఈతకు దిగిండని అందరూ నమ్మిన్రు. సందీప్‌కు ఈత రాదు. మందు వాసన అంటేనే అతనికి వాంతి వచ్చేది. సమాధి దగ్గర ఒకామె "తాగకపోతే బతికేటోడు" అని అత్తకు వినపడేటట్టే అన్నది. మందిల తలెత్తుకోలేక అత్త ఇల్లు కదుల్తలేదు.

నా మూడో నవల కోసం నువ్వు భీమిలి నుంచి రాసి పంపిన సంగతి గుర్తున్నదా? పడవ అంటే అక్కడివాళ్లకు దేవతతో సమానం, చెప్పులు ఒడ్డునే విడిచి ఎక్కుతరని. ఆ నవలల, ఒక పడవల చెప్పులు కనపడంగనే నా ఇన్‌స్పెక్టర్ సింహాద్రికి అర్థమైపోతది. చనిపోయిన మనిషి చేపల వేటకు పోయి మునగలేదు, పోయినట్టు కనపడాలని ఎవరో చెప్పులు తెచ్చి పడవల పెట్టిన్రని.

ఆ ఫామ్‌హౌస్‌ల కూడ అటువంటి కట్టుబాటే ఉన్నది. ఇక్కడ దేవత పాలరాయి. పనివాళ్లు చెప్పులు గేటు బయటనే విడవాలె, తోటల ముళ్లు దిగినా సరే. సందీప్ నవ్వుకుంట చెప్పేటోడు, "జెన్నీ, సారు కుక్కకు బూట్లున్నయి. మాకైతే చెప్పులు గూడ వద్దట."

మరి అతని చెప్పులు పూల్ దాక ఎట్ల పోయినయి? గేటు దగ్గరి నుంచి వాటిని తేగలిగేది అక్కడ కూర్చునే వాచ్‌మన్ ఒక్కడే. నేను నోరు తెరిస్తే పోలీసులు మొదట అతన్నే పట్టుకుంటరు. సారు కారెక్కి పోతడు. నోరు మూసుకుంటే పద్మమ్మత్త కొడుకు తాగుబోతుగనే మట్టిల ఉంటడు. సింహాద్రికి ఇటువంటి ఫికర్ ఎప్పుడూ రాలేదు, నేను రానీయలేదు.

ఏం చేయాలో చెప్పు.

నీ
జెన్నీ


హిమాయత్‌నగర్
సోమవారం

అరుణా,

నీ జవాబు అందింది. "ముందు ఆ వాచ్‌మన్‌ను అడుగు" అని రాసినవు. అడిగిన.

నేల చూసుకుంటనే చెప్పిండు. "సారు దోస్తులు నవ్వులాటకు పోరన్ని నీళ్లల్ల నూకిన్రు. వానికి ఈత రాదని నేను మొత్తుకున్న. వేషాలేస్తున్నడని వాళ్లు నవ్విన్రు. నాకు ఈత వస్తే దుంకేటోన్ని. అంతా అయిపోయినంక సారు సీసా పెట్టమన్నడు, పెట్టిన."

"చెప్పులు?"

"చెప్పుల మాట సారు అననే లేదు. గేటు కాడికెంచి నా అంతట నేనే తెచ్చి పెట్టిన."

"ఎందుకు?"

"నోటితోని చెప్పే ధైర్యం లేకుండె. అవి చూసి ఎవరన్న అడుగుతరనుకున్న. పోలీసులొచ్చిన్రు, ఫోటోలు తీసుకున్నరు. ఒక్కరు గూడ అడగలే బిడ్డా."

ఈ రోజు పద్మమ్మత్త, అతను, నేను ఠాణాకు పోయినం. దారిపొడుగున అత్త ఒకటే అడిగింది, "నా కొడుకు తాగలే కద?" అడిగినప్పుడల్ల అతను "తాగలే" అన్నడు. ఆ తర్వాత అత్త అతని దిక్కు చూడలేదు.

ఎస్సై నన్ను కింది నుంచి మీది దాక చూసిండు. "నువ్వు సముద్రం కథలు రాస్తవట కద?"

"రాస్త సార్. ఇది రాసింది కాదు."

నా గొంతు నాకే వినపడలేదు. మళ్ల చెప్పమన్నడు, మళ్ల చెప్పిన. అప్పుడు రాసుకున్నడు. సీసా పెట్టినందుకు వాచ్‌మన్‌ను లోపలనే ఉంచుకున్నరు. ఉత్త కాళ్లతోనే లోపలికి పోయిండు. సారును ఇంకా పిలవలేదు.

ఒక సంగతి నీకు చెప్పలేదు, రాయడానికి సిగ్గుపడ్డ. పొలం చెయ్యిజారినంక, ఈ ఎండాకాలం నుంచి ఆ గేటు దగ్గర కూర్చునేది మా బాపే. ఆయనకు చదువు రాదు. నా నవలలన్నీ నాతోనే చదివించుకొని విన్నడు. పడవల చెప్పులున్న నవలను రెండుసార్లు చదివించుకున్నడు.

జెన్నీ